ముందు ఎడమ చక్రం సంగతి

కారు ముందు ఎడమ చక్రం పెనంలా కాలుతోందని నిక్కచ్చిగా తెలిసి కూడా, ముగ్గురు మెకానిక్‌ల ముందు ఆ మాట పెదవి దాటకుండా కాపాడినవాణ్ణి నేను. ఇంత గుట్టుగా ఉండగలిగిన మనిషి మా కర్నూలు అంగళ్ల వీధిలో ఇంకొకడు లేడని గట్టిగానే చెప్పగలను. ముగ్గురిలో ఒక్కడికైనా నా ముఖం చూసి అనుమానం రాలేదు. బేరానికి దిగినవాడి ముఖం అట్లాగే ఉండాలి, కొత్తగా సున్నం కొట్టిన గోడలాగా. ఈ ఘనకార్యం ఈ రోజు పొద్దున మళ్లీ గుర్తుకు రావడానికి కారణం, అంగట్లో నా గల్లాపెట్టె పక్కన ఉండే ఒక చిన్న ఇనుప గ్లాసు. దాంట్లో గుండుసూదులు వేసుకుంటాను. ఎమ్మిగనూరు నుంచి నూలు చీరలు తెచ్చే నేతాయన మూటలు దించి, చెమట తుడుచుకుంటూ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఒక పక్క నున్నగా, ఒక పక్క అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు గుంటలుగా ఉన్న ఆ గ్లాసును అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమప్పా, ఇదేం ఉగ్గుగిన్నె? ఇంత బరువుండాది!" అన్నాడు. ఉగ్గుగిన్నె కాదు, కారు బ్రేకులో ఉండే పిస్టన్ అన్నాను. "అది నీకాడికి ఎట్లొచ్చె?" అన్నాడు. ఆయనకు చీరల లెక్క తొందర ఉంది గనక చెప్పలేదు. మీకు చెప్తాను.

ముందు మా నాన్న గురించి రెండు మాటలు చెప్పకపోతే నా తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో మీకు అర్థం కాదు. మా నాన్న బేరం విద్యకంతా సూత్రం ఒక్కటే: నీకు ఏది కావాలో దాని మీద నీ చూపు పడకూడదు. ఎండాకాలం బనగానపల్లె మామిడి గంపలు దిగినప్పుడు నన్ను వెంట తీసుకుపోయేవాడు. ఆయనకు నచ్చిన గంప ఒకటుంటే, దాని పక్కనున్న గంప దగ్గర కూర్చునేవాడు. ఆ కాయలను ఒక్కొక్కటే పిసికి, వాసన చూసి, ఎవరో చచ్చిపోయినట్లు నిట్టూర్చేవాడు. పావుగంట దాని ధర మీద పోట్లాడి, లేచి నాలుగడుగులు వేసి, ఏదో దారిలో కాలికి తగిలినట్లు వెనక్కి తిరిగి, "సరేలే, వచ్చినందుకు పిల్లోనికి ఆ గంపన్నా ఇయ్యి" అనేవాడు. ఆ గంపే ఆయనకు కావలసింది. ఒకసారి, నాకు ఆరేళ్లుంటాయి, ఆయన తప్పుడు గంప దగ్గర నిట్టూరుస్తుండగా నేను అసలు గంపను చూసి నవ్వాను. అమ్మేవాడు చూశాడు. గంపకు మూడు రూపాయలు పెరిగింది. ఇంటికి వచ్చేదాకా మా నాన్న "నీ నవ్వు ఖరీదు మూడు రూపాయలురా" అని దారిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. ఆ రోజు నుంచి నాకు కావలసినదాన్ని నేను నేరుగా చూసింది లేదు. ఈ విద్య మామిడికి పనికొచ్చింది, చీరలకు పనికొచ్చింది, చివరికి పెళ్లిచూపుల్లో కూడా ఓ మోస్తరుగా పనికొచ్చింది. అన్నిటికీ పనికొస్తుందనుకోవడమే నా పొరపాటు.

రెండేళ్ల కిందట మా అమ్మాయికి సర్కారు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. కడపలో మా అక్క ఇంట్లో ఉండి, గువ్వలచెరువు ఘాట్ ఎక్కి అవతలి పల్లెలోని బడికి పోవాలి. బడి వేళకు బస్సు లేదు, ఉన్న బస్సుకు వేళ లేదు. సరే, పాత కారొకటి చూద్దామని బయలుదేరాను. మంగంపేట ముగ్గురాయి గనుల్లో కాంట్రాక్టు ముగించుకున్న ఒకాయన తన కారు అమ్మకానికి పెట్టాడు. నేను ఆ కారును పైనుంచి కిందిదాకా చూశాను. సీట్ల కింద తెల్లపొడి, తలుపు సందుల్లో తెల్లపొడి, డిక్కీలో స్టెప్నీ ఎత్తితే తెల్లపొడి. ముగ్గురాయి పొడి అది, పిండికంటే మెత్తన, ఇసుక కంటే బరువు. దొరికిన చోటల్లా వేలు పెట్టి, ఆ వేలు ఆయన ముఖం ముందు పెట్టి, ఆ దుమ్ము ఒక్కదానికే పన్నెండు వేలు తగ్గించాను. ఆ సాయంత్రం నా అంత మొనగాడు లేడు. సీట్ల కిందికి పోయిన పొడి చక్రాల్లోకి పోకుండా దేనికి ఆగుతుందని మాత్రం, అన్ని సందుల్లో వేలు పెట్టిన ఈ మనిషికి తట్టలేదు.

వానాకాలం మొదట్లో, అంటే మా సీమలో వాన కోసం ఎదురుచూసే కాలంలో, మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, బండి ఆపితే మాడిన వాసనొస్తాంది" అంది. ఆ రోడ్డు మీద లారీలెక్కువ, లారీల వాసనే అన్నాను. మర్నాడు మళ్లీ చేసింది. మా అక్క పెనం కాలిందో లేదో చూడటానికి దోసె పోసేముందు రెండు చుక్కల నీళ్లు చిలకరిస్తుంది కదా, ఈ పిల్ల అదే పని చక్రాలకు చేసిందట. "సీసాలో నీళ్లు నాలుగు చక్రాల లోపలా రెండేసి చుక్కలు కొట్టినా నాన్నా. మూడు ఊరికే ఉండాయి. ముందర ఎడమది సుయ్యంటాంది. బండి కూడా ఆ పక్కకే లాగుతాంది. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతాంది. మెకానిక్‌కు ఇట్లే చెప్పు" అంది. లెక్కల టీచరు. ఇంత చక్కగా రోగం పట్టి ఇచ్చిన బిడ్డను చూసి గర్వపడ్డాను. మరుక్షణం నాలోని అంగడివాడు లేచి కూర్చున్నాడు. ఇంత కచ్చితమైన సంగతి తీసుకుపోయి మెకానిక్ చేతిలో పెడితే వాడు ఊరుకుంటాడా? ముందర ఎడమ చక్రం అన్నామంటే మన చూపు ఆ గంప మీద పడినట్లే. ధర అక్కడే కూర్చుంటుంది.

ఆదివారం అంగడి మూసి కడప బస్సెక్కాను. మొదటి షెడ్డులో మెకానిక్ నాకు కుర్చీ వేసి, "ఏమి సార్ కంప్లైంటు?" అని అడిగాడు. "కంప్లైంటేముందప్పా, బంగారట్లాంటి బండి. రవ్వంత పక్కకు లాగుతాంది, అంతే" అన్నాను. ఏ పక్కకో కూడా వాడే కనుక్కోవలసి వచ్చింది. వీల్ అలైన్‌మెంట్ చేసి పన్నెండు వందలు అడిగాడు. తొమ్మిది వందలకు దించాను. తిరుగు బస్సులో మూడు వందలు మిగిలిన సంతోషంతో కిటికీ పక్కన కూర్చుని పొద్దుతిరుగుడు చేలు చూసుకుంటూ వస్తుంటే నంద్యాల దగ్గర ఫోను మోగింది. "సుయ్యంటాంది" అంది మా అమ్మాయి. అంతే, ఇంకో మాట లేదు.

రెండో ఆదివారం ఇంకొక షెడ్డు. లాగుడు సంగతి కూడా దాచి, "మైలేజీ తగ్గింది" అన్నాను. పెద్ద రోగానికి పోయి చిన్న రోగం పేరు చెప్తే చిన్న బిల్లే వస్తుందని నా సిద్ధాంతం. వాడు ప్లగ్గులు మార్చి, ఫిల్టరు మార్చి, ఇరవై ఒక్క వందలు తీసుకున్నాడు. బ్రేకు పట్టుకుని ఉన్న బండికి ఎన్ని ప్లగ్గులు మారిస్తే ఏం, కాళ్లు కట్టేసిన ఎద్దుకు కొత్త మువ్వలు కట్టినట్లు. ఇంకో మూడు వారాలు అట్లాగే లాగించాక, మూడోసారికి బ్రేకేనని ఒప్పుకోక తప్పలేదు. అప్పుడు కూడా ఒప్పుకున్నది నాకు నేను, మెకానిక్‌తో కాదు. చక్రంతో పాటు తిరిగే డిస్కును పట్టుకునే బ్రేక్ ప్యాడ్లు నేనే కర్నూలులో పదహారు వందల యాభైకి కొనుక్కుని, "ఇవి వేసి ఇయ్యప్పా, కూలి చెప్పు" అన్నాను. ఆ మనిషిని ఇప్పటికీ మరచిపోలేను. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి గనక, అవి పట్టాలంటే లోపలి పిస్టన్‌ను వెనక్కి నెట్టాలి. అది పోవడం లేదు. బిగింపు పెట్టి బలంగా తిప్పుతూ తల తిప్పి నన్ను చూసి, "సార్, ఇది శానా మొరాయిస్తాంది. ఈ చక్రానికి ఇంకేమన్నా బాధుందా? ఉంటే చెప్పండి" అని అడిగాడు. తనే అడిగాడు. మర్యాదగా అడిగాడు. మా నాన్న నాలో నుంచి జవాబు చెప్పాడు: "ఏం లేదే!" అతను ఇంకో తిప్పు తిప్పి, నెట్టి, ప్యాడ్లు వేసి, నాలుగు వందలు తీసుకున్నాడు.

అది జరిగిన మూడో రోజు, సాయంత్రం బడి వదిలాక, మా అమ్మాయి ఘాట్ దిగుతుండగా బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా లోపలికి పోయింది. రెండోసారి తొక్కితే ఇంకా లోపలికి. ఎడమ చక్రం దగ్గర పొగ. ఆ పిల్ల గేర్లు ఒక్కొక్కటే దించుకుంటూ, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెం లాగుతూ, కొండ పక్కనున్న మట్టిలోకి బండిని ఒరిపించి ఆపింది. లారీలు బ్రేకులు చల్లార్చుకోవడానికి నిలిచే మలుపు అది. లోయ పక్క కాదు, కొండ పక్క. ఒక లారీ డ్రైవరు దిగి వచ్చి, చక్రం చూసి, "ఏమ్మా, దీన్ని ఇన్నాళ్లు ఎట్ల తోలినావు? బ్రేకు పట్టి వదల్లేదు, ఆయిలు కాగిపోయింది. నీళ్లు పోయగాకు, డిస్కు పగుల్తాది" అన్నాడట. కడప బైపాస్‌లో ఒక ఉస్తాద్ షెడ్డు గుర్తులు చెప్పి, బండిని లాక్కుపోయే వాళ్ల నంబరు ఇచ్చి పోయాడట.

ఆ తరువాత నాకు ఫోన్ చేసింది. ఏడుస్తుందేమో, ఓదారుద్దాం అనుకున్నాను. ఏడవలేదు. "నాన్నా, ఒక్కటి అడుగుతా. ముందర ఎడమ చక్రం వేడెక్కుతాందని ఆ ముగ్గురికీ చెప్పినావా లేదా?" అంది. అంగట్లో పెళ్లిచీరల బేరం నడుస్తోంది, చుట్టూ మనుషులు. చెప్పినానమ్మా అని ఒక అబద్ధం ఆడితే అయిపోయేది. చేతిలోని చీర మడత విప్పి, మళ్లీ మడిచాను. "సరే" అని పెట్టేసింది. ఆ "సరే" తరువాత మా ఇద్దరి మధ్య ఇంక ఏమైనా నమ్మకం మిగిలిందో లేదో తెలియక రాత్రంతా మేలుకునే ఉన్నాను.

మర్నాడు మొదటి బస్సుకే కడప చేరాను. ఉస్తాద్ షెడ్డులో అరవై దాటిన సన్నటి మనిషి, నెత్తిన తెల్ల టోపీ, కళ్లద్దాలకు దారం. "చెప్పండి సార్" అన్నాడు. అలవాటు చెడ్డది. "పెద్ద ఏం లేదు ఉస్తాద్..." అని మొదలుపెట్టాను. మా అమ్మాయి నన్ను దాటుకుని ముందుకు వచ్చింది. వాసన, లాగుడు, పెట్రోలు, నీటి చుక్కలు, మొదటి షెడ్డు, రెండో షెడ్డు, ప్యాడ్లు, పొగ, అన్నీ వరసగా చెప్పింది. ఎవరెవరికి నేను ఏమేమి దాచానో అది కూడా చెప్పింది. షెడ్డులో పనిచేసే నలుగురూ స్పానర్లు ఆపి విన్నారు. ఉస్తాద్ కళ్లద్దాలు పైకి తోసి నన్ను చూసి, "కడుపునొప్పి పెట్టుకుని పంటి డాక్టరు కాడికి పొయ్యొచ్చినారా సార్? అది కూడా ఇద్దరు డాక్టర్ల కాడికి?" అన్నాడు. మూడోవాడికి కడుపే చూపించాను గానీ నొప్పి చెప్పలేదని సరిదిద్దబోయి, దానివల్ల నా పరువు పెరగదని ఊరుకున్నాను.

పని చూడాలంటే ఆయన దగ్గర చూడాలి. జాకీ ఎత్తి కుడి చక్రం తిప్పితే హాయిగా రెండు చుట్లు తిరిగింది. ఎడమది రెండు చేతులా తిప్పినా కదలకుండా గుడ్లురిమింది. "రెండు రకాల తప్పుంటాది బేటీ" అని మా అమ్మాయికి చెప్పాడు, నాకు కాదు. "ఈ చిన్న నిపుల్ వదులు చేస్తా. లోపలున్న ఆయిలు ఒత్తిడి పోతాది. అప్పుడు చక్రం వదిలితే తప్పు రబ్బరు గొట్టానిది. వదల్లేదా, తప్పు పిస్టన్‌ది." వదులు చేశాడు. డికాషన్ రంగు ఆయిలు నాలుగు చుక్కలు కారింది. చక్రం కదల్లేదు. ప్యాడ్లను మోసే ఇనుప దవడ, క్యాలిపర్ అంటారు, అది అటూ ఇటూ జరగడానికి రెండు పిన్నుల మీద కూర్చుని ఉంటుంది. ఒక పిన్ను వచ్చింది. రెండోది రాలేదు. నూనె పోశారు, కొట్టారు, కాల్చారు, మళ్లీ నూనె పోశారు. ఎండ నడినెత్తికి వచ్చింది. నేను లేచి, కూర్చుని, నాలుగు టీలు తాగి, ఒక్క పిన్ను కోసం ఇంత సేపా అని లోలోపల ఉడికిపోయాను. చివరికి కీచుమని వచ్చింది, దాని నిండా సున్నంలా గట్టిపడిన తెల్ల పేస్టు. ఉస్తాద్ గోరుతో గీకి, "ఇదేం దుమ్ము?" అన్నాడు. నేను గుర్తుపట్టాను. పన్నెండు వేల దుమ్ము.

పిస్టన్ బయటికి తీయడానికి మా అమ్మాయిని సీట్లో కూర్చోబెట్టి, "మెల్లగ తొక్కు బేటీ, మెల్లగ" అంటూ కింద చెక్క పట్టుకున్నాడు. డబ్బుమని వచ్చి పడింది. దాని చుట్టూ ఉండే రబ్బరు చినిగి, లోపలికి నీళ్లు దిగి, తుప్పు తిని, గుంటలు. క్యాలిపర్ లోపల కూడా అట్లాగే ఉంది. కొత్తది వేయాలన్నాడు. ఎంతన్నాను. చెప్పాడు. చూడండి, నిన్న సాయంత్రం ఘాట్‌లో పొగ వచ్చిన బండి అది, పక్కన నా కూతురు నిలబడి ఉంది, అయినా నా నోరు నాకంటే ముందు పోయి, "గరుకు కాగితంతో రుద్ది కొత్త రబ్బరు వేస్తే సరిపోదా? మొత్తం మీద ఎంత తగ్గిస్తావు?" అంది. ఉస్తాద్‌కు కోపం రాలేదు. విప్పిన సామానంతా పాత పేపరు మీద వరసగా పెట్టాడు: పిన్నులు, రబ్బర్లు, ప్యాడ్లు, నట్లు. "తగ్గిస్తా సార్. యాపారం మీది, మీరు చెప్పినంత తగ్గిస్తా. ఒక్కొక్క వందకు దీంట్లో ఏది వెయ్యకుండా వదిలెయ్యల్లో మీరే ఏలు పెట్టి చూపియ్యండి" అన్నాడు. ఏళ్ల తరబడి వేలు పెట్టి దుమ్ము చూపించినవాణ్ణి. ఆ పేపరు మీద ఎక్కడా వేలు పెట్టలేకపోయాను. "బేరం కాలేదా నాన్నా?" అంది మా అమ్మాయి.

అంతటితో బుద్ధి వచ్చిందనుకుంటారు. క్యాలిపర్ కడపలో లేదంటే, కర్నూలులో తెలిసిన అంగడికి నేనే ఫోన్ చేసి తెప్పిస్తానన్నాను. బస్సులో పార్శిల్ వచ్చింది. విప్పి చూస్తే కుడి పక్కది. ఎడమది అని మూడుసార్లు చెప్పాను, వాడు మూడుసార్లు ఊఁ కొట్టాడు. "రెండూ ఒకటే మాదిరుండాయి గదా ఉస్తాద్, తిప్పి పెడితే?" అన్నాను. "పెట్టొచ్చు. నిపుల్ కిందికొస్తాది. ఆయిల్లో గాలి పైకి పోతాది గానీ కిందికి రాదు సార్. గాలి లోపలే నిలిస్తే పెడలు మళ్లా మెత్తగ పోతాది" అన్నాడు. మళ్లీ వెనక్కి పంపడం, మళ్లీ ఫోను, మళ్లీ పార్శిల్. ఆ మూడు రోజులూ మా అమ్మాయి రెండు బస్సులు మారి, ఆలస్యానికి సగం రోజు సెలవు రాసి, బడికి పోయింది. నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. మా అక్క మాత్రం దోసెలు పోస్తూ, పెనం మీద నీళ్లు చిలకరించినప్పుడల్లా నా వైపు చూసి, "సుయ్యంటాందిరా" అనేది.

నాలుగో రోజు పనయ్యింది. రెండు పక్కలా పిన్నులు కడిగి, వాటికి పట్టే గ్రీజే రాసి, డికాషన్ ఆయిలు తీసేసి కొత్తది పోసి, గాలి తీశాడు. మా అమ్మాయి నడుపుతుంటే నేను పక్కన, ఉస్తాద్ వెనక. ఘాట్ ఎక్కి, మళ్లీ దిగాం. అదే మలుపులో, కొండ పక్కన, ఆపింది. నీళ్ల సీసా నా చేతికిచ్చి, "నువ్వు కొట్టు" అంది. వంగి కుడి చక్రంలో రెండు చుక్కలు కొట్టాను. మెల్లగా ఆవిరయ్యాయి. ఎడమ చక్రంలో కొట్టాను. అట్లాగే, అంతే మెల్లగా ఆవిరయ్యాయి. లేచి నిలబడ్డాను. "ఏం చూసినావో ఆయనకు చెప్పు నాన్నా" అంది. ఉస్తాద్ కిటికీలో నుంచి తల బయటపెట్టి ఎదురుచూస్తున్నాడు. "రెండు పక్కలా ఒకటే మాదిరి ఉండాది ఉస్తాద్" అన్నాను. ఒక మెకానిక్‌కు నేను చూసింది చూసినట్లు చెప్పడం అదే మొదలు. మా అమ్మాయి బండి తీసింది.

ఇక బిల్లు. అలైన్‌మెంటు తొమ్మిది వందలు, ప్లగ్గులూ ఫిల్టరూ ఇరవై ఒక్క వందలు, నేను కొన్న ప్యాడ్లు పదహారు వందల యాభై, వాటి కూలి నాలుగు వందలు. ఘాట్ నుంచి లాక్కొచ్చినందుకు మూడు వేల ఐదు వందలు. ఉస్తాద్ దగ్గర క్యాలిపర్, కుడి పక్క రబ్బర్లు, మళ్లీ ప్యాడ్లు, డిస్కు చెక్కుడు, ఆయిలు, గ్రీజు, కూలి కలిపి పది వేల మూడు వందల యాభై. ఆ పాత పిస్టన్ ఒక్కటే ఆయన నాకు ఉచితంగా ఇచ్చింది. మొత్తం పద్దెనిమిది వేల తొమ్మిది వందలు. మొదటి వారమే నిజం చెప్పి ఉంటే పిన్నులు కడిగి, రబ్బర్లు మార్చి, పద్నాలుగు వందల్లో పోయేదని ఉస్తాద్ అన్నాడు. దుమ్ము పేరు చెప్పి తగ్గించుకున్నది పన్నెండు వేలు. అది తీసేసినా ఆరు వేల తొమ్మిది వందలు నష్టం, నా బస్సు చార్జీలు కాక. డబ్బు లెక్క ఇంతే, దీంట్లో నయాపైసా దాచలేదు. అయితే ఆ మొదటి ఫోనుకూ ఆ పొగకూ మధ్య ఐదు వారాలు గడిచాయి. ఆదివారాలు తీసేస్తే ముప్పై సాయంత్రాలు. ఆ ముప్పై సాయంత్రాలూ నేను ఇక్కడ గల్లాపెట్టె దగ్గర కూర్చుని మూడు వందలు మిగిల్చానని మురిసిపోతుండగా, అక్కడ నా కూతురు నేను దాచిపెట్టిన మాట మీద కూర్చుని ఘాట్ దిగింది. ఆ పద్దు కింద ఏమి వేయాలో తెలియక, రెండేళ్లుగా దాన్ని అట్లాగే ఖాళీగా వదిలేశాను.